పిల్లల హోమ్ కట్టాలా? ప్లాన్ గీయకముందే నేల మీద ముగ్గు పోయండి

"స్థలం ఉంది, డబ్బు ఇచ్చేవాళ్లు ఉన్నారు, పిల్లల కోసం ఒక హోమ్ కట్టాలి, ఎలా మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్నలు కూడా దాదాపు అందరివీ ఒకటే: మట్టితో కడితే నిలుస్తుందా, ఒక్క పెద్ద హాలు చాలదా, చుట్టుపక్కల వాళ్లని ఎలా కలుపుకోవాలి. అందరికీ విడివిడిగా చెప్పే బదులు వరసగా రాసేస్తున్నాను. ఇది ఇంజనీరు పనికి బదులు కాదు. ఇంజనీరు దగ్గరికి వెళ్లేముందు, వెళ్లాక, పని నడుస్తున్నప్పుడు మీరు ఏం చూసుకోవాలో చెప్పే కాగితం అనుకోండి.

అన్నిటికంటే ముందు ఒక మాట. మీరు కట్టబోయే చోటికి వచ్చే పిల్లల్లో ఎంతమందికి అమ్మో, నాన్నో, అమ్మమ్మో, బాబాయో ఉన్నారు? 2009లో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ ఆమోదించిన మార్గదర్శకాలు కేవలం పేదరికం కారణంగా పిల్లలను కుటుంబం నుంచి వేరు చేయకూడదని స్పష్టంగా చెబుతున్నాయి. పెద్ద పెద్ద సంస్థలను క్రమంగా తగ్గించుకుంటూ రావాలని కూడా అంటున్నాయి. కాబట్టి ఆ కుటుంబాలకు నేరుగా సాయం చేస్తే హోమ్ అవసరమే పడదేమో ముందు చూడండి. నిజంగానే వేరే దారి లేని పిల్లలు ఉన్నారని తేలితే అప్పుడు కట్టండి, చిన్నగా కట్టండి.

ఏమేం సిద్ధం చేసుకోవాలి

- పిల్లల సంరక్షణ సంస్థలకు మీ ప్రాంతంలో ఉన్న నిబంధనలు, రిజిస్ట్రేషన్ షరతులు. గోడలు లేచాక చదివితే లాభం లేదు.
- భూకంపం, గాలివాన, వరద, ఈ మూడింటి గురించీ స్థానికంగా తెలిసిన స్ట్రక్చరల్ ఇంజనీరు.
- మీరు వాడబోయే పద్ధతిలో ఇప్పటికే ఇళ్లు కట్టిన మేస్త్రి. ఒకరు కాదు, ఇద్దరు.
- టేపు, తాడు, మేకులు, ఒక బస్తా సున్నం లేదా ముగ్గు.
- నిటారుగా ఉండే పారదర్శకమైన సీసాలు నాలుగైదు, మట్టి పరీక్షకి.
- కనీసం ఏడాది పాటు మెయింటెనెన్స్‌కి పక్కన పెట్టిన డబ్బు. మొత్తం బడ్జెట్ గోడలకే పెట్టేసి తర్వాత పెయింటుకి కూడా లేక చేతులెత్తేసిన వాళ్లని చూశాను.

1. పిల్లలతో, పెంచేవాళ్లతో, ఇరుగుపొరుగుతో కూర్చోండి

ముగ్గురితో విడివిడిగా కూర్చోవాలి. ఒకే మీటింగులో అందర్నీ కూర్చోబెడితే పెద్దవాళ్లే మాట్లాడతారు, పిల్లలు తలలూపుతారు. పిల్లల్ని "ఎలాంటి ఇల్లు కావాలి" అని అడగొద్దు, అందరూ ఒకే రకం బొమ్మ గీసి ఇస్తారు. ఇలా అడగండి: ఏడుపొస్తే ఎక్కడికి వెళ్తావు? రాత్రి దేనికి భయపడతావు? నీ వస్తువులు ఎక్కడ దాచుకుంటావు? జవాబులు రాసుకోండి, పేర్లు రాయొద్దు.

ఇరుగుపొరుగుని అడగాల్సింది వేరు. "మాకు ఏం ఇస్తారు" అని కాదు, "ఈ చోట మీకు ఏది లేదు" అని. చదువుకునే గదో, ఆడుకునే స్థలమో, వానలో నిలబడే పంచో, ఏదో ఒకటి చెబుతారు. దాన్ని మీ ప్లానులో కలిపితే హోమ్ పక్కింటివాళ్లకి కూడా పనికొచ్చే చోటు అవుతుంది. పిల్లల మీద జాలి చూపించే జనం కంటే, రోజూ అదే అరుగు మీద కూర్చునే జనం ఉండటం పిల్లలకి చాలా మంచిది.

2. పెద్ద హాలు ఆలోచన వదిలేసి, ఇళ్లుగా విడగొట్టండి

ఆరు నుంచి ఎనిమిది మంది పిల్లలు, వాళ్లతోనే ఉండే పెద్దవాళ్లు, ఒక వంటిల్లు, ఒక వసారా. ఇది ఒక ఇల్లు. ఇంకొంతమంది ఉంటే ఇంకో ఇల్లు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్డో వాన్ ఐక్ అనే డచ్ ఆర్కిటెక్ట్ రూపొందించిన అనాథాశ్రమం 1960లో పూర్తయింది. 125 మంది పిల్లలున్నా అందర్నీ ఒక్కచోట పడేయకుండా, వయసుని బట్టి ఎనిమిది గుంపులుగా చేసి ఒక్కో గుంపుకి దాని సొంత ఇల్లు, సొంత ఆట స్థలం ఇచ్చాడు.

థాయ్‌లాండ్, మయన్మార్ సరిహద్దులోని నో బో అనే ఊళ్లో, మయన్మార్‌కి చెందిన కరెన్ తెగ శరణార్థి పిల్లల కోసం కట్టినవి నాకు ఇంకా ఇష్టం. 24 మంది ఉండే చోటికి దాదాపు 50 మంది రావాల్సి వచ్చినప్పుడు, నార్వే నుంచి వచ్చిన టిన్ అనే ఆర్కిటెక్చర్ విద్యార్థుల బృందం ఒక పెద్ద డార్మిటరీ కట్టలేదు. ఆరు చిన్న నిద్ర గదుల్ని విడివిడిగా, మధ్యలో ఖాళీలు వదిలి కట్టింది. అది 2009 నాటి సంగతి. పాత టైర్లలో కాంక్రీట్ పోసి పునాదులు, తడి తగలకుండా నేల నుంచి పైకి లేపిన గదులు, దగ్గర్లో కొట్టిన వెదురుతో అక్కడివాళ్లకి తెలిసిన అల్లిక, గాలి ఆడేలాగా వాన నీళ్లు పట్టేలాగా ఒంపు తిరిగిన కప్పు. ఖరీదైన వస్తువు ఒక్కటి కూడా లేదు.

విడివిడి ఇళ్లకి స్థలం చాలకపోతే ఒకే కప్పు కింద రెండు ఇళ్లు పెట్టండి, కానీ గుమ్మాలు వేరుగా ఉండాలి.

3. స్థలాన్ని మూడు వరసలుగా చూడండి

వీధి వైపు అందరూ వచ్చే చోటు: అరుగు, చదువుకునే గది, ఆట స్థలం. మధ్యలో తెలిసినవాళ్లు వచ్చే చోటు: ఆఫీసు, అతిథుల్ని కలిసే గది. లోపల పిల్లలు, పెంచేవాళ్లు మాత్రమే ఉండే చోటు. బయటివాళ్లకి బయటి గేటు వేరుగా ఉండాలి, చదువుకునే గదికి వచ్చినవాళ్లు పిల్లల పడకగదుల ముందు నుంచి నడవకూడదు. అతిథులు కూర్చునే గది తలుపుకి అద్దం పెట్టండి, లోపల ఎవరున్నారో బయటికి కనబడాలి. స్నానాల గదులకి మాత్రం పూర్తి చాటు ఉండాలి, బయట నడిచే దారి నుంచి చిన్న సందు కూడా ఉండకూడదు. గాలికి పైన వెంటిలేటర్ పెట్టుకోవచ్చు.

దాత పేరు మంచాల మీద, తలుపుల మీద రాయించొద్దు. ఒక పిల్లవాడు రోజూ నిద్రలేచి వేరేవాళ్ల పేరు చూస్తూ అది తన ఇల్లని ఎలా అనుకుంటాడు? బయట గోడ మీద ఒక్క బోర్డు సరిపోతుంది.

4. ముగ్గు పోయండి

ఇది ఈ మొత్తంలో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ తప్పులు పట్టే పని, కాబట్టి దీనికి రెండు రోజులు కేటాయించండి. పునాది తవ్వేముందు మేస్త్రి ఎలాగూ ముగ్గు పోస్తాడు. అంతకు చాలా ముందే, కాగితం మీద ప్లాన్ ఖరారు కాకముందే, అసలు కొలతలతో నేల మీద మీరే పోయండి. తలుపుల దగ్గర ఖాళీ వదలండి, మంచాల చోట చాపలు పరచండి, కిటికీల చోట ఇద్దరు తాడు పట్టుకుని నిలబడండి.

తర్వాత పిల్లల్ని లోపలికి పిలిచి ఒక రోజు ఆడించండి: పొద్దున లేచారు, టాయిలెట్‌కి వెళ్లండి, స్కూల్ బ్యాగ్ తీసుకోండి, ఇప్పుడు రాత్రయింది, వాన పడుతోంది, భయమేసింది, పెద్దవాళ్లని పిలవండి. నేను చూసిన ఒక హోమ్‌లో టాయిలెట్లు పొడుగాటి వరండా చివర ఉండేవి. రాత్రి అంత దూరం చీకట్లో వెళ్లలేక చిన్నపిల్లలు పక్క తడిపేవాళ్లు, పొద్దున దెబ్బలు తినేవాళ్లు. తప్పు పిల్లలది కాదు, ఆ ప్లానుది. ఒక్క పూట ముగ్గులో నడిచి చూసి ఉంటే తెలిసిపోయేది. నాకు ఇప్పటికీ అది గుర్తొస్తే బాధేస్తుంది.

నేల ఎగుడుదిగుడుగా ఉండి ముగ్గు నిలవకపోతే మేకులు పాతి తాడు కట్టండి.

5. ఎండ, గాలి చూసుకోండి

వేడి ప్రాంతాల్లో పొడవు గోడలు ఉత్తరానికి, దక్షిణానికి ఉండేలా కట్టాలి. పడమర వైపు కిటికీలు తక్కువ, వీలైతే సామాన్ల గది, బాత్‌రూములు అటు పెట్టండి. గాలి వచ్చే వైపు కిటికీ కిందగా, ఎదురు గోడకి పైన వెంటిలేటర్ ఉంటే వేడి గాలి దానంతటదే బయటికి పోతుంది.

రేకుల కప్పు తప్పదంటే దాని కింద ఇంకో కప్పు ఉండాలి, రెండిటి మధ్య గాలి ఆడాలి. పశ్చిమ ఆఫ్రికాలో బుర్కినా ఫాసో దేశంలోని గాండోలో ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కేరే తన సొంత ఊరి స్కూలుకి చేసింది ఇదే. 2001లో పూర్తయిన ఆ బడిలో మట్టి ఇటుకల లోకప్పు మీద రేకుని బాగా పైకి లేపి పెట్టాడు. ఊరివాళ్లే ఇటుకలు చేశారు, గోడలు కట్టారు. 2022లో ఆయనకి ఆర్కిటెక్టులకిచ్చే పెద్ద గౌరవమైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

ఆస్బెస్టాస్ రేకులు మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

6. మట్టి పనికొస్తుందా? పరీక్షించండి

పైమట్టి వాడకూడదు, అందులో ఆకులు, వేళ్లు ఉంటాయి. దాన్ని తోటకి దాచుకోండి. అర మీటరు లోతు నుంచి మట్టి తీసి ఇలా చేయండి:

సీసా పరీక్ష: మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు ఉప్పు. బాగా కుదిపి కదలకుండా పెట్టండి. ఇసుక నిమిషంలో దిగుతుంది, ఒండ్రు గంటా రెండు గంటల్లో, బంకమన్ను దిగడానికి ఒక రోజైనా పడుతుంది. పొరల మందం స్కేలుతో కొలవండి. మట్టిని అచ్చులో నొక్కి, కాల్చకుండా చేసే ఇటుకలకి సగానికి పైగా ఇసుక, గులకరాయి, ఐదో వంతు దాకా బంక ఉంటే బాగుంటుంది.

చుట్ట పరీక్ష: మట్టిని తడిపి 3 సెంటీమీటర్ల మందం చుట్టలా చేసి, బల్ల అంచు నుంచి మెల్లగా బయటికి తోయండి. 5 సెంటీమీటర్ల లోపే తెగితే ఇసుక ఎక్కువ, 15 దాటినా తెగకపోతే బంక ఎక్కువ.

ఇసుక ఎక్కువున్న మట్టికి సిమెంట్ కలపాలి, బరువులో 5 నుంచి 8 శాతం చాలు. బంక ఎక్కువైతే ఇసుక కలపండి, లేదా సున్నం వాడండి. ముందు 20 ఇటుకలు మాత్రమే చేయండి. సిమెంట్ కలిపినవైతే 28 రోజులు తడి ఆరకుండా నీడలో ఉంచి, తర్వాత ఒక రోజంతా నీళ్లలో నానబెట్టండి. అంచులు కరిగితే ఆ మిశ్రమం పనికిరాదు. నడుం ఎత్తు నుంచి ఇంకో ఇటుక వదలండి, మూల విరిగితే ఫర్వాలేదు కానీ ముక్కలైపోతే మళ్లీ మొదటికి రండి. పునాది వేసే తొందరలో ఈ నెల రోజులు ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, ఆ గోడల్ని మొదటి వానాకాలానికే మళ్లీ ముట్టుకోవాల్సి వస్తుంది.

మట్టి పనికిరాకపోతే కాల్చిన ఇటుకనే నిలువుగా పేర్చి మధ్యలో ఖాళీ వచ్చేలా కట్టే ర్యాట్ ట్రాప్ పద్ధతి ఉంది. తక్కువ ఖర్చు ఇళ్లకి పేరుపొందిన ఆర్కిటెక్ట్ లారీ బేకర్ విస్తృతంగా వాడినది. మామూలు గోడ కంటే పావు వంతు ఇటుకలు మిగులుతాయి, లోపల వేడి కూడా తగ్గుతుంది. వెదురు వాడితే మాత్రం బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణంలో ట్రీట్ చేయకుండా వాడొద్దు, పురుగు తినేస్తుంది.

7. మట్టి గోడకి కింద ఎత్తు, పైన చూరు

గోడ కింద పీఠం కనీసం 45 సెంటీమీటర్లు రాయితోనో కాల్చిన ఇటుకతోనో లేపి, దాని మీద తడి పైకి ఎక్కకుండా ఒక పొర వేయండి. చూరు 60 నుంచి 90 సెంటీమీటర్లు బయటికి రావాలి. ఈ రెంటిలో ఏది తగ్గినా గోడ పాడవుతుంది. బంగ్లాదేశ్‌లోని రుద్రపూర్‌లో ఆర్కిటెక్ట్ అన్నా హెరింగర్ కట్టిన మట్టి బడి కూడా ఇటుక పునాది మీద, తడిని ఆపే పొర మీదే నిలబడింది.

హెచ్చరిక: భూకంపం వచ్చే ప్రాంతమైతే పీఠం దగ్గర, లింటెల్ (తలుపులు, కిటికీల పై దూలం) దగ్గర, కప్పు దగ్గర గోడ చుట్టూ తిరిగే పట్టీలు లేకుండా ఏ గోడా కట్టొద్దు, మట్టిదైనా ఇటుకదైనా. ఇంజనీరు సంతకం లేకుండా ఈ అడుగు దాటొద్దు.

8. నీళ్లు, మరుగుదొడ్లు

లెక్క సులువు. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 80 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్లు పడితే 1,600 లీటర్లు, నష్టాలు పోను దాదాపు 1,300 లీటర్లు చేతికొస్తాయి. మొదటి వాన నీళ్లలో కప్పు మీది మురికి ఉంటుంది, వాటిని పక్కకి మళ్లించే గొట్టం పెట్టండి. తాగడానికి వాడాలంటే శుద్ధి చేయాల్సిందే.

మరుగుదొడ్డి గుంత బావికి కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి. ట్యాంకులకి, గుంతలకి, తొట్లకి మూతలు, మూతలకి తాళాలు. జానెడు నీళ్లలో కూడా చిన్నపిల్లలు మునిగిపోతారు. అలంకారానికి కొలను కావాలని ఎవరైనా అంటే గట్టిగా వద్దనండి.

9. పని ఎవరు చేస్తారు?

చుట్టుపక్కల వాళ్లకి పని ఇవ్వండి, కూలి ఇవ్వండి. "సేవ" అని చెప్పి రోజుల తరబడి ఉచితంగా చేయించుకుంటే వారం తర్వాత ఎవరూ రారు, అసలు అది న్యాయం కూడా కాదు. ప్రతి మేస్త్రి పక్కన ఆ ప్రాంతపు కుర్రవాడినో అమ్మాయినో నేర్చుకోవడానికి పెట్టండి, రేపు గోడ పగిలితే వచ్చేది వాళ్లే. పిల్లల్ని మాత్రం పరంజాల దగ్గరికి రానివ్వొద్దు. మొక్కలు నాటడం, తమ గది రంగు ఎంచుకోవడం, గోడ మీద అచ్చులు వేయడం, ఇవి చాలు.

ప్రతి వస్తువు కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది పాడైతే ఎవరు, ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు? ఒక చోట చాలా మంచి సోలార్ సిస్టమ్ పెట్టారు. దాని కంట్రోలర్ పోయింది, పార్టు దూరం నుంచి రావాలి, నెలల తరబడి పిల్లలు చీకట్లోనే ఉన్నారు. జవాబు లేని వస్తువు ఎంత గొప్పదైనా వద్దు.

ఎక్కువమంది చేసే తప్పులు

రాత్రి బయటి నుంచి తాళం వేయడం. ఇది అన్నిటికంటే ప్రమాదం. మంటలొస్తే పిల్లలు బయటపడలేరు. ప్రతి ఇంటికీ రెండు దారులు, తాళంచెవి లేకుండా లోపలి నుంచి తెరుచుకునే తలుపులు, పడకగదిలో కనీసం ఒక కిటికీ గ్రిల్ లోపలి నుంచి తెరుచుకునేలా ఉండాలి.

పిట్టగోడ, రెయిలింగ్ కడ్డీల మధ్య సందు 10 సెంటీమీటర్లు దాటడం. తల ఇరుక్కుంటుంది. అడ్డ కడ్డీలు పెడితే నిచ్చెనలా ఎక్కుతారు, నిలువువే పెట్టండి.

అన్నీ పెద్దవాళ్ల ఎత్తుకే పెట్టడం. స్విచ్, గొళ్లెం, వాష్‌బేసిన్, బట్టల కొక్కెం చిన్నవాళ్లకి కూడా అందాలి. కరెంటుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి. పెయింట్ సీసం లేనిదే కొనండి.

తాళం వేసుకునే సొంత పెట్టె ఇవ్వకపోవడం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఇంతవరకు తనదంటూ ఏమీ లేని పిల్లకి ఆ పెట్టె ఎంత పెద్ద విషయమో ఒకసారి అడిగి చూడండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి

గాలి: కిటికీ దగ్గర అగరబత్తి వెలిగించండి. పొగ ఎదుటి వెంటిలేటర్ వైపు సాగాలి, గది మధ్యలో నిలిచిపోతే పైన ఇంకో దారి కావాలి.

వేడి: మధ్యాహ్నం మూడింటికి లోపల ఒక థర్మామీటర్, బయట నీడలో ఒకటి. లోపల ఎక్కువ చూపిస్తే కప్పు సంగతి చూడండి.

వాన: మొదటి పెద్ద వాన తర్వాత ఇంటి చుట్టూ తిరగండి. గోడ మీద చిమ్మిన మట్టి మరకలు ఎంత ఎత్తుకి వచ్చాయో గీత గీయండి, పీఠం దాటి పైకి వస్తే చూరు పొడిగించాలి, లేదా కింద కంకర పరవాలి.

మంటలు: రాత్రిపూట, ముందు చెప్పకుండా కాదు, చెప్పి, పిల్లలు భయపడకుండా ఆటలా రెండు దారుల నుంచీ బయటికి తీసుకురండి. టైం రాసుకోండి. ఏ తలుపు దగ్గర ఆగిపోయారో అది సరిచేయండి.

ఇరుగుపొరుగు: ఆరు నెలల తర్వాత అరుగు మీద ఎంతమంది కూర్చుంటున్నారో వారం రోజులు చూడండి. ఎవరూ రాకపోతే గేటు మూసేసి ఉంటుంది, లేదా కాపలా అతను తరిమేస్తూ ఉంటాడు, చాలాసార్లు కారణం ఇంతే.

ఆఖరిది, పిల్లలు రాకముందు చేయాల్సింది. ప్రతి ఇంట్లో ఒక రాత్రి మీరు, ట్రస్టీలు, ఆర్కిటెక్ట్ పడుకోండి, పిల్లల మంచం మీదే. లైట్లన్నీ ఆపేయండి. అర్ధరాత్రి లేచి, మోకాళ్ల మీద కూర్చుని చిన్నపిల్లల ఎత్తు నుంచి చూడండి. టాయిలెట్ తలుపు కనబడుతోందా, స్విచ్ అందుతోందా, పిలిస్తే పెద్దవాళ్ల గదిలోకి వినబడుతోందా? కానివి ఒక కాగితం మీద రాసి, పొద్దున్నే మేస్త్రి చేతికివ్వండి.